గొట్టింగెన్ గణితాన్ని కూల్చింది చట్టం ఒక్కటేనా?

పాతపటం:
యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తీసెయ్యడానికి నాజీలు 1933 ఏప్రిల్ 7న తెచ్చిన ఉద్యోగుల చట్టమే, జర్మనీలో గణితానికి పేరుమోసిన గొట్టింగెన్ విశ్వవిద్యాలయాన్ని ముంచిందని అందరూ రాస్తారు. నేను ఒప్పుకోను. ఆ చట్టంలో మినహాయింపులున్నాయి. 1914 ఆగస్టు 1కి ముందునుంచీ ప్రభుత్వోద్యోగంలో ఉన్న యూదులకూ, మొదటి ప్రపంచయుద్ధంలో ముందువరుసలో పోరాడినవాళ్లకూ ఉద్వాసన లేదు. గణితవేత్త లాండౌ 1909 నుంచీ అక్కడ ప్రొఫెసర్. మరో గణితవేత్త కూరంట్ యుద్ధంలో గాయపడ్డవాడు. భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్‌కూ యుద్ధసేవ ఉంది. చట్టం ప్రకారం ముగ్గురూ ఉండాల్సినవాళ్లే. మరి ముగ్గురూ ఎలా పోయారు?

గుణకారం:
పాతపటం గారూ, ఆ మినహాయింపు ఎవరికి దక్కాలో తేల్చేది పైవాళ్లే కదా. ఏప్రిల్ చివర్లో కూరంట్‌నూ, భౌతికశాస్త్రవేత్త బోర్న్‌నూ, గణితవేత్త ఎమ్మీ నోథర్‌నూ బలవంతపు సెలవులో పెట్టింది బెర్లిన్ మంత్రిత్వశాఖ. కూరంట్‌ను ఉంచమని గణితవేత్త హిల్బర్ట్, భౌతికశాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ లాంటివాళ్లు వినతిపత్రం మీద సంతకాలు పెట్టారు. ఫలితం సున్నా. ఊళ్లోవాళ్ల చేతిలో ఏముంది?

పాతపటం:
ఆపలేకపోవడం వేరు, ఎగదోయడం వేరు. మినహాయింపు ఉన్నా నాకొద్దని ఫ్రాంక్ ఏప్రిల్ 17న రాజీనామా చేశాడు. వారం తిరిగేసరికి అదే ఊరి అధ్యాపకులు 42 మంది దాన్ని విద్రోహచర్యగా ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. ఇక లాండౌ సంగతి చూడండి. వేసవిలో పాఠం సహాయకుడికి అప్పగించాడు. నవంబర్ 2న కలనగణితం తనే చెబుదామని వస్తే విద్యార్థులు తరగతిని బహిష్కరించారు. ముందుండి నడిపింది టైష్‌ముల్లర్ అనే విద్యార్థి, అతను స్వయంగా మంచి గణితవేత్త. లాండౌ కారణం రాసిమ్మంటే ఉత్తరం రాసిచ్చాడు కూడా. ఆ తర్వాతే లాండౌ పదవీ విరమణ కోరాడు. ఈ పని ఏ సెక్షన్ కింద జరిగింది?

తాళపత్రం:
నోథర్ విషయం ఇంకా వెనక్కి వెళ్తుంది. 1915లో అక్కడి గణితాచార్యులు హిల్బర్ట్, క్లైన్ పిలిపిస్తే వచ్చింది. ఆడవాళ్లకు బోధనార్హత ఇవ్వని నిబంధన అడ్డొచ్చి, 1919 దాకా హిల్బర్ట్ పేరు మీదే పాఠాలు చెప్పింది. 1922లో ప్రొఫెసర్ బిరుదైతే వచ్చింది గానీ అది జీతం లేని బిరుదు. శాశ్వత పదవి చివరిదాకా ఇవ్వలేదు. 1933లో ఆమెను తీసెయ్యడం అంత సులువు కావడానికి విశ్వవిద్యాలయం అంతకుముందు పాటించిన కట్టుబాట్లూ కారణమే.

గుణకారం:
నోథర్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయినా 1837 సంగతి మరవకండి. హానోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దు చేస్తే గ్రిమ్ సోదరులు, భౌతికశాస్త్రవేత్త వేబర్ సహా ఏడుగురు ఎదిరించి ఉద్యోగాలు పోగొట్టుకున్నది ఈ ఊళ్లోనే.

తాళపత్రం:
ఏడుగురే, మిగతావాళ్లు సంతకం పెట్టలేదు. వాళ్లలో మహాగణితవేత్త గౌస్ ఒకడు. ఏడుగురిలో ఎవాల్డ్ ఆయన సొంత అల్లుడు. వేబర్ అయితే నాలుగేళ్ల ముందు ఆయనతో కలిసి పట్టణం మీదుగా టెలిగ్రాఫ్ తీగ లాగినవాడు!

పాతపటం:
నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అక్కడి గణిత విభాగపు చదువుగది. క్లైన్ పాఠాలను సహాయకులు శుభ్రంగా రాసి అక్కడ పెట్టేవారు, ఎవరైనా తీసి చదువుకోవచ్చు. రాక్‌ఫెల్లర్ డబ్బుతో 1929లో కట్టిన కొత్త భవనమూ 1933 తర్వాత చెక్కుచెదరలేదు. పుస్తకాలన్నీ ఉన్నాయి. వాటిమీద రోజూ వాదించుకునే మనుషులే లేరు. గణితవేత్తలు వైల్, నోథర్, కూరంట్ అమెరికా చేరారు. బోర్న్ కేంబ్రిడ్జి వెళ్లి, రామన్ పిలుపు మీద కొన్ని నెలలు మన బెంగళూరులో ఉండి, చివరికి ఎడిన్‌బరోలో స్థిరపడ్డాడు.