వర్డ్‌ప్రెస్ ఫైళ్లకు ఓనర్‌గా వెబ్ సర్వర్ యూజర్‌నే పెట్టొచ్చా?

కొత్త_సర్వర్:
ఉబుంటు 22.04, ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (సైట్ పీహెచ్‌పీ కోడ్‌ని నడిపేది). సైట్ ఫోల్డర్ మొత్తానికి వెబ్ సర్వర్ యూజర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాను ఓనర్‌గా పెట్టాను. అన్నీ పనిచేస్తున్నాయి. మా సీనియర్ తప్పంటున్నారు. 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇవ్వలేదు కదా, ఇంకేం తప్పు?

రూట్_వద్దు:
తప్పే తమ్ముడూ. ప్లగిన్ (సైట్‌కి అదనంగా తగిలించే కోడ్) లోపంతో లోపలికొచ్చినవాడికి పీహెచ్‌పీ ఏ యూజర్ కింద నడుస్తోందో ఆ యూజర్ హక్కులే దక్కుతాయి. ఆ యూజరే ఫైళ్లకు ఓనర్ అయితే వాడు ఇండెక్స్ ఫైల్లోనే తన కోడ్ పెట్టేసి పోతాడు. తర్వాత నువ్వు ప్లగిన్ సరిచేసినా వాడి కోడ్ అక్కడే ఉంటుంది. 444 (చదివే హక్కు మాత్రమే) పెట్టినా ఆగడు, ఓనర్ ఎప్పుడైనా పర్మిషన్లు మార్చుకోగలడు.

కోడ్‌కి 'డిప్లాయ్' అని వేరే యూజర్‌ని ఓనర్ చెయ్యి, గ్రూపు మాత్రం డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. ఫోల్డర్లకు 2750, ఫైళ్లకు 640, అంటే ఓనర్ రాయొచ్చు, గ్రూపు చదవడమే, మిగతావాళ్లకు ఏ హక్కూ లేదు. ముందున్న 2 వల్ల కొత్త ఫైళ్లకూ అదే గ్రూపు వస్తుంది. గ్రూపుకి రాసే హక్కు అప్‌లోడ్స్ ఫోల్డర్లో మాత్రమే ఇవ్వు, అక్కడ పీహెచ్‌పీ నడవకుండా ఎంజిన్‌ఎక్స్‌లో ఆపు.

చిన్నసైట్ల_మనిషి:
నేను ఒప్పుకోను. 2013లో వచ్చిన 3.7 నుంచి వర్డ్‌ప్రెస్ సెక్యూరిటీ అప్‌డేట్లు తనే వేసుకుంటోంది. రాసే హక్కు తీసేస్తే అది ఆగిపోతుంది. నేను చూసేవి బట్టల షాపులు, కోచింగ్ సెంటర్ల సైట్లు. నెలల తరబడి ఎవరూ లాగిన్ అవ్వరు. వాటికి అసలు ప్రమాదం పాత వెర్షనే. పైగా కాన్ఫిగ్ ఫైల్లోని డేటాబేస్ పాస్‌వర్డ్ పీహెచ్‌పీ ఎలాగూ చదవాల్సిందే కదా, దూరినవాడికీ అది దొరుకుతుంది.

రూట్_వద్దు:
అప్‌డేట్లు ఆగకూడదన్నది నిజమే అన్నా. కానీ ఇంటర్నెట్ నుంచి రిక్వెస్టులు అందుకునే ప్రాసెసే వాటిని వెయ్యాలా? డిప్లాయ్ యూజర్ క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్ కమాండ్ టూల్) పెడితే రోజూ అదే వేస్తుంది. పాస్‌వర్డ్ విషయం ఒప్పుకుంటా. అందుకే ఒకే సర్వర్‌లో పది సైట్లుంటే ఒక్కోదానికి విడి ఎఫ్‌పీఎం పూల్ (పీహెచ్‌పీ ప్రాసెస్‌ల గుంపు), విడి యూజర్, విడి గ్రూపు ఉండాలి. లేకపోతే ఒక షాపు సైట్లో దూరినవాడు మిగతా తొమ్మిదింటి పాస్‌వర్డులూ చదివేస్తాడు.

కొత్త_సర్వర్:
మీరు చెప్పినట్టే మార్చాను, ఇప్పుడు 403 (అనుమతి లేదు) వస్తోంది! సైట్ డిప్లాయ్ హోమ్ ఫోల్డర్లో ఉంది.

రూట్_వద్దు:
ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ 750తో వస్తుంది, ఎంజిన్‌ఎక్స్ అందులోకి వెళ్లలేకపోతోంది. ఫైల్ హక్కులు సరిగ్గా ఉన్నా పైనున్న ప్రతి ఫోల్డర్‌కీ ఎక్స్ (లోపలికి వెళ్లే హక్కు) ఉండాలి. హోమ్‌ని 755 చేసి అందరికీ తెరవకు, సైట్‌ని వార్ (/var) ఫోల్డర్ కిందికి మార్చు.

చిన్నసైట్ల_మనిషి:
విడి పూల్స్ ఈ వారమే పెడతాను, అది నా సైట్లకు నిజంగా అవసరం. క్రాన్ మాత్రం ఒప్పుకోలేను. అది ఫెయిలైతే వచ్చే మెయిల్ చదివే మనిషి ఆ షాపుల్లో లేడు.