మిషనరీ దినం ఏర్పాట్లు: మిగిలిన పనులు, శనివారం హాలు

ఆవగింజ (సోమవారం, రాత్రి 9:10)
అందరికీ ప్రభువు నామమున వందనాలు. శనివారం సాయంత్రం జరగవలసిన మన మిషనరీ దినపు సభకు ఇక ఐదు రోజులే ఉన్నాయి గనుక ఇంకా తేలని పనులను ఒకచోట రాస్తున్నాను. కార్యక్రమ పత్రం బుధవారం ఉదయం అచ్చుకు వెళ్లాలి, కాబట్టి గాయక బృందం పాడబోయే పాటల వరుస రేపు రాత్రికి నాకు అందాలి. ఇంగ్లాండు నుంచి మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ గారి మీద పిల్లలు వేయబోయే నాటికలో మూడో సన్నివేశానికి ఇంతవరకు ఎవరూ మాటలు రాయలేదు. 1793లో బెంగాల్ చేరిన ఆయన 1800 డిసెంబరు ఆఖరున గాని తన మొదటి బెంగాలీ విశ్వాసికి బాప్తిస్మం ఇవ్వలేకపోయారు. ఆ ఏడేళ్ల నిరీక్షణే ఆ సన్నివేశం గనుక దానిని వదిలేస్తే నాటిక నిలవదు. మైకులు, కుర్చీలు, గుమ్మం దగ్గర ఆహ్వానం, కానుకల లెక్కింపు, పిల్లల గది, ఇవన్నీ పోయినసారి చూసినవారే చూస్తారని అనుకుంటున్నాను. కాదంటే ఈ రాత్రే చెప్పండి.

విత్తువాడు (సోమవారం, రాత్రి 10:25)
పాటల సంగతి తరువాత చూద్దాం అక్కా. హాలు నిర్వాహకుల నుంచి సాయంత్రం ఉత్తరం వచ్చింది, ఇంటికి చేరాక ఇప్పుడే చదివాను. మన బుకింగును రద్దు చేశారు. మన ఆహ్వాన పత్రాన్ని చూశామనీ, ఇతరులను మతం మార్చే ఉద్దేశంతో జరిపే సభలకు తమ నిబంధనలు ఒప్పుకోవనీ, మనం చెల్లించిన సొమ్మును పూర్తిగా తిప్పి పంపుతున్నామనీ రాశారు. వెంటనే ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడారు గాని నిర్ణయం మారదన్నారు. మరో రెండు చోట్ల విచారించాను, శనివారం ఎక్కడా ఖాళీ లేదు.

షారోను (సోమవారం, రాత్రి 10:50)
ఇది అన్యాయం. అదే హాలులో ఎన్ని సమాజాలు తమ తమ పూజలూ పండుగలూ జరుపుకోవడం మనం చూడలేదు? మన విశ్వాసం గురించి మనం మాట్లాడుకుంటే మాత్రం నిబంధన గుర్తుకు వచ్చిందా? ఈ రాత్రే గట్టిగా ఒక ఉత్తరం రాయాలి, అవసరమైతే న్యాయవాదిని కలవాలి. ఊరకుంటే వచ్చే ఏడాది క్రిస్మస్ కూడికకు కూడా తలుపు మూస్తారు. ఉత్తరం నేను రాస్తాను, సంతకాలు మీరందరూ పెట్టండి.

బేతనియ (సోమవారం, రాత్రి 11:30)
ఉత్తరం రాసే ముందు మన ఆహ్వాన పత్రాన్ని మరొకసారి తెరిచి చూడమని అందరినీ వేడుకుంటున్నాను. అందులో ప్రపంచ పటం ఉంది, ఆ పటంలో సగం దేశాలకు నల్లరంగు పూసి ఉంది, దాని కింద "చీకటి జనాంగాలను జయిద్దాం రండి" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తెలుగు చదవలేనివారి కోసం మనమే దానిని అనువదించి హాలువారికి పంపాం. మా పక్కింటి ఆమె మా ఫ్రిజ్ మీద అతికించిన ఆ పత్రాన్ని పోయిన వారం చూసి, తన దేశాన్ని వేలితో చూపించి, "ఇది ఎందుకు నల్లగా ఉంది?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆమె నా పిల్లలను ఎన్నిసార్లు బడి నుంచి తీసుకువచ్చిందో లెక్క లేదు. హాలువారు చేసినది సరైనదని నేను అనడం లేదు, కాని వారికి ఆ భయం కలిగించిన మాటలు మనవే.

గిలాదు (మంగళవారం, ఉదయం 6:15)
ఆ పటం గీసింది నేనే గనుక నేనే జవాబు చెప్పాలి. రాత్రులు కూర్చుని మూడు వారాలు చేశాను. అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పి ఉండవలసింది. నల్లరంగు ఎవరినీ అవమానించడానికి వేసినది కాదు. 1974లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో 150 దేశాల నుంచి సుమారు 2,400 మంది క్రైస్తవ నాయకులు కూడినప్పుడు రాల్ఫ్ వింటర్ అనే మిషన్ పండితుడు చెప్పిన విషయమే నా మనసులో ఉంది. అన్ని దేశాలలో సంఘాలు ఉన్నాయి గనుక మిషనరీ పని ముగింపుకు వచ్చిందని అప్పట్లో చాలామంది అనుకుంటున్నారు. సువార్త విననివారిలో అత్యధికులకు తమ భాషలో, తమ సమాజంలో ఒక్క క్రైస్తవ పొరుగువాడు కూడా లేడనీ, దేశాలను కాక జనాంగాలను లెక్కపెడితేనే ఆ లోటు కనబడుతుందనీ ఆయన చూపించారు. ఆ లోటు నేటికీ తీరలేదు. లోకంలో 7,000కు పైగా భాషలు ఉంటే పూర్తి బైబిలు ఉన్నవి 700 పైచిలుకు మాత్రమే. పంపబడే సేవకులలోనూ ఎక్కువమంది ఇప్పటికే సంఘాలు ఉన్న ప్రాంతాలకే వెళుతున్నారు. ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని పౌలు రోమా సంఘాన్ని అడిగిన ప్రశ్నకు మనం ఇంకా బాకీ ఉన్నాం. ఎవరో నొచ్చుకుంటారని ఆ బాకీని కప్పిపెట్టమంటారా?

షారోను (మంగళవారం, ఉదయం 7:05)
గిలాదు అన్న మాటే నా మాట. సువార్తను గురించి సిగ్గుపడేవారు మిషనరీ దినానికి ఏర్పాట్లు ఎందుకు చేయాలో నాకు అర్థం కావడం లేదు. పొరుగువారి మెప్పు కోసం పటాలు చెరిపేసుకుంటూ పోతే చివరకు సిలువను కూడా చెరిపేయమంటారు.

బేతనియ (మంగళవారం, ఉదయం 8:20)
నన్ను గురించి ఆ మాట అనగలిగినందుకు చాలా బాధపడ్డాను. మా నాన్న నలభై ఏళ్లు సైకిలు మీద తిరిగి సువార్త చెప్పారు. సిగ్గు అనేది ఆయన ఇంట్లో నేర్చుకోలేదు. గిలాదు అన్న చెప్పిన అవసరంలో ఒక్క అక్షరాన్ని కూడా నేను కాదనడం లేదు. నేను అడుగుతున్నది ఆ అవసరం తీర్చడానికి వెళ్లేవాడు ఎలా వెళ్లాలి అన్నదే. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు, వారిలో ఆసియావారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంతమంది. ఆ కొద్దిమందిలో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తిరునల్వేలి ప్రాంతంలో పుట్టి, తన తోటి తమిళ క్రైస్తవులతో కలసి 1903లో స్వదేశీ మిషనరీ సంఘాన్ని నెలకొల్పి, పరాయి భాషవారి మధ్య పనిచేయడానికి దోర్నకల్ చేరినవారు. అటువంటి మనిషి ఆ సభలో నిలబడి, మీరు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ప్రేమను కూడా ఇవ్వండి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. వినేవారిలో కొందరికి అది రుచించలేదు. ఆయన సువార్తను గురించి సిగ్గుపడ్డారని అంటారా?
ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ గారి సంగతి కూడా మనందరికీ తెలిసినదే. 1876లో మొదలైన కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని కల్పించారు, కాని ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట ఎవరి మీదా పడకూడదని ఆయన పట్టుదల. సహాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎదుటివాడి గౌరవాన్ని కాపాడినందువల్ల సువార్త ఏమీ నష్టపోలేదు.

విత్తువాడు (మంగళవారం, మధ్యాహ్నం 1:00)
మరో నాలుగు చోట్ల అడిగాను, రెండు సంఘాల ఆలయాలతో సహా. లేదు. మనం వాదించుకునేది తరువాతైనా వాదించుకోవచ్చు, శనివారం మాత్రం ఆగదు.

ఒలీవ (మంగళవారం, సాయంత్రం 5:40)
పిల్లలారా, పొద్దుటి నుంచి మీ మాటలు చదువుతున్నాను. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అనేది. అందుకే సాయంత్రం దాకా ఏమీ రాయలేదు.
తలుపు మూసుకుపోవడం మనకు మాత్రమే జరిగిన వింత కాదమ్మా. ఫిలిప్పీలో పౌలు నది ఒడ్డున కూర్చుని కొందరు స్త్రీలతో మాట్లాడాడు, ఆ తరువాత లూదియ తన ఇల్లు తెరిచింది. ఎఫెసులో మూడు నెలలు సమాజమందిరంలో మాట్లాడి, ఎదిరింపు రాగానే శిష్యులను వెంటబెట్టుకుని తురన్ను పాఠశాలకు మారాడు, రెండేళ్లు అక్కడే బోధించాడు. రోమాలో మరో రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండి, తన దగ్గరకు వచ్చిన వారందరినీ చేర్చుకున్నాడు. ఆయన హాలు కోసం ఎవరి మీదా వ్యాజ్యం వేసినట్లు నేను చదవలేదు.
మా ఇంట్లో ముందుగదిలో పాతికమంది కూర్చోవచ్చు. ఇంకో రెండు మూడు ఇళ్లు తెరిస్తే అందరికీ చోటు దొరుకుతుంది. సభకు బదులు గొలుసు ప్రార్థన పెడదాం. 1727 ఆగస్టులో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు రోజంతా ఖాళీ లేకుండా ఒక్కొక్కరు ఒక గంట చొప్పున ప్రార్థించడానికి ఒప్పందం చేసుకున్నారు, ఆ గొలుసు నూరేళ్లకు పైగా తెగలేదు. ఐదేళ్లు తిరగకుండా, 1732లో, ఆ చిన్న ఊరి నుంచి డోబెర్, నిచ్‌మన్ అనే ఇద్దరు కరీబియన్ దీవుల్లోని బానిసల మధ్యకు బయలుదేరారు. ఒకడు కుమ్మరి, ఒకడు వడ్రంగి. వేదిక మీద ఎవరు కూర్చోవాలన్న చర్చ వారికి రాలేదు, మనకు ప్రతి ఏడూ వస్తున్నది.

షారోను (మంగళవారం, రాత్రి 8:45)
అమ్మా, మీ మాట తలదాల్చుతున్నాను. బేతనియ అక్కా, ఉదయం నేను రాసినది తప్పు, మీ నాన్నగారిని గుర్తుచేసుకుంటే మరింత తప్పు. ఇప్పుడే మీకు ఫోను చేశాను, మీరు ఎత్తలేదు, మళ్లీ చేస్తాను. హాలువారికి రాసిన ఉత్తరాన్ని పంపలేదు. వారి నిబంధన న్యాయమైనదని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు, దాని గురించి మర్యాదగా అడగవలసిన రోజు వస్తుంది, కాని ఈ వారం కాదు. మా ఇల్లు కూడా శనివారం తెరిచి ఉంటుంది. చిన్నపిల్లలున్న కుటుంబాలు మా దగ్గరకు రావచ్చు, పైగదిలో పిల్లలు నిద్రపోవచ్చు.

గిలాదు (మంగళవారం, రాత్రి 10:30)
సాయంత్రమంతా ఆ పటం ముందు కూర్చున్నాను. లోటు నిజమే, కాని దానిని నలుపుతో చూపించవలసిన అవసరం లేదని ఒప్పుకుంటున్నాను. రంగులన్నీ తీసేసి, తెల్లని పటం మీద భాషల పేర్లు మాత్రమే రాస్తాను. బైబిలు భాగమేదీ ఇంకా అందని భాషలకు పేరు పక్కన ఒక చుక్క పెడతాను. ప్రార్థించేవారు ఒక్కొక్క పేరును చదివి ప్రార్థించాలి; పేరు పలికి ప్రార్థించిన మనిషిని గురించి చీకటి అనే మాట మన నోట అంత తేలికగా రాదు. నాలుగు ఇళ్లకు నాలుగు ప్రతులు కావాలి, చేత్తోనే రాస్తాను. యువకులెవరైనా వచ్చి సాయం చేస్తే శుక్రవారానికి ముగుస్తుంది.

ఆవగింజ (బుధవారం, ఉదయం 6:50)
రాత్రి అందరితో మాట్లాడాను. శనివారం సాయంత్రం 6 గంటల నుంచి ఆదివారం ఉదయం 6 గంటల వరకు నాలుగు ఇళ్లలో గొలుసు ప్రార్థన జరుగుతుంది, ఆ వెంటనే అందరం ఒలీవ అమ్మ ఇంట్లో కలుసుకుంటాం. హాలు సొమ్ము తిరిగి రాగానే దానిని బైబిలు అనువాద పరిచర్యకు పంపుదామని విత్తువాడు తమ్ముడు అడిగాడు, ఎవరూ కాదనలేదు. పిల్లలు నాటిక వేయరు, కాని కేరీ గారి ఏడేళ్ల కథను, రంగూనులో ఆరేళ్లు ఎదురుచూసి 1819లో మొదటి బర్మా విశ్వాసిని చూసిన అమెరికా మిషనరీ జడ్సన్ గారి కథను పెద్దపిల్లలే చిన్నపిల్లలకు చెబుతారు. గంటలన్నీ నిండాయి, షారోను ఇంట్లో రాత్రి 2 నుంచి 3 వరకు మాత్రం ఎవరూ లేరు.

విత్తువాడు (బుధవారం, ఉదయం 7:10)
ఆ గంటకు నా పేరు రాయండి అక్కా.

బేతనియ (బుధవారం, మధ్యాహ్నం 12:15)
షారోనుతో రాత్రి చాలాసేపు మాట్లాడాను, మా మధ్య ఏమీ మిగలలేదు. మరో విషయం. శనివారం మా ఇంటికి ఇంతమంది ఎందుకు వస్తున్నారని పక్కింటి ఆమె అడిగితే, లోకంలోని జనులందరి కోసం, మీ వారి కోసం కూడా, ప్రార్థించడానికి అని ఉన్నదున్నట్లు చెప్పాను. క్రీస్తును గురించి వారు కూడా వినాలన్నదే మా కోరిక అని కూడా దాచకుండా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, 7 గంటలకు వచ్చి కూర్చుంటానంది. తన భాషలో ఒక జోలపాట ఉందట, పాడి వినిపిస్తానంది. ఆమెను ఎవరూ తొందరపెట్టవద్దనీ, ఆమె అడిగితే మాత్రం జవాబు చెప్పకుండా తప్పించుకోవద్దనీ మా ఇంటికి వచ్చేవారిని కోరుతున్నాను.

గిలాదు (బుధవారం, మధ్యాహ్నం 12:40)
అక్కా, ఆమె భాష పేరును వారు తమ నోట ఎలా పలుకుతారో అడిగి చెప్పండి. నా దగ్గరున్న పట్టికలో రెండు రకాలుగా ఉంది, మీ ఇంటి పటం మీద ఇంకా రాయలేదు.