గట్టిదనమా, బిరుసా? గురజాడ వారి ఆ పాదం సరిగ్గా ఎలా ఉంది?

బొబ్బిలి: నమస్కారమండీ. రోడ్డు టెస్టింగ్ బండి గురించి తెలుగులో రాస్తున్నాను. ట్రాఫిక్ స్పీడ్ డిఫ్లెక్టోమీటర్ అంటారే, 80 కిలోమీటర్ల స్పీడులో మిగతా బండ్లతో పాటే పోతూ, వెనకిరుసు బరువుకి రోడ్డు ఎంత కుంగుతోందో డాప్లర్ లేజర్లతో పట్టేస్తుంది, అది. స్టిఫ్‌నెస్‌ని, అంటే బరువుకి వంగని గుణాన్ని, గట్టిదనం అందామనుకుంటే గురజాడ వారి "దేశమును ప్రేమించుమన్నా" గేయంలో పాదం బుర్రలో తిరుగుతోంది. "గట్టి మేల్ తలపెట్టవోయ్" కదా? "గట్టి పని" అని కూడా ఎక్కడో విన్నట్టుంది.

రాజాం: మేల్. పొల్లే ఉండాలి. 3+4 మాత్రల నడక (మాత్రంటే ఒక హ్రస్వం పలికేంత సేపు), గట్టి, మేల్‌తల. మేలు అంటే ఒక మాత్ర ఎక్కువైపోతుంది.

నరసన్నపేట మాస్టారు: పనితల కూడా నాలుగు మాత్రలే బాబూ, నడకతో తేలదు. ముందు "మంచి అన్నది పెంచుమన్నా" అన్నాడు కాబట్టి మేలే. పైన "వట్టి మాటలు కట్టిపెట్టోయ్"లో "వట్టి" ఉంది, దానికెదురు గట్టి, అంటే సారం ఉన్నది. తాలు కాని గింజని గట్టి గింజ అంటాం చూడండి, ఆ గట్టి. వంగడం వంగకపోవడంతో సంబంధమే లేదు.

టెక్కలి: మాస్టారి మాటే నాదీ. వంగనిది బిరుసు, విరగనిది గట్టి. పైగా తారు ఎండకి మెత్తబడుతుంది, అందుకే మన దేశంలో కుంగుబాటు లెక్కని 35 డిగ్రీలకి సరిచేస్తారు. లోడు లారీ నిదానంగా పోతే ఎక్కువ కుంగుతుంది, అదే లారీ స్పీడుగా పోతే తక్కువ. పొద్దుటొకలా మధ్యాహ్నమొకలా ఉండేదాన్ని గట్టిదనం అని ఎలా అంటాం?

బొబ్బిలి: బిరుసంటే జనం లోపం అనుకుంటారండీ. తారు పాతబడి బిరుసెక్కితేనే కదా పగుళ్లిచ్చేది. దృఢత అంటే?

రాజాం: దాన్ని ఫిజిక్స్ పుస్తకాలు ఎప్పుడో తీసేసుకున్నాయి, దృఢతా గుణకం (రిజిడిటీ మాడ్యులస్) వేరే లెక్క, కలిపేస్తే పిల్లలు గందరగోళపడతారు. అది సరే, "కట్టిపెట్టోయ్"లో 3+4 నిండింది, "పెట్టవోయ్"లో 3+2 దగ్గరే ఆగిపోయింది, దీనికేమంటారు మాస్టారూ?

నరసన్నపేట మాస్టారు: నాలుగో పాదం పొట్టిగా ఉండొచ్చు, ఆయన వాడిన ముత్యాలసరం ఛందస్సుకి అందం అక్కడే ఉంది. గొంతు సాగడానికి చోటు వదిలాడాయన. మా చిన్నప్పుడు బడిలో "వోయి" అనే పాడించేవారు, నాకైతే అదే ఇష్టం.

టెక్కలి: వోయి అంటే మూడు మాత్రలే, ఇంకొకటి తక్కువే కదండీ.

నరసన్నపేట మాస్టారు: చివరి ఇకారం సాగదీసి పాడండి, సరిపోతుంది. పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.