లేపాక్షి అంచు గీసినవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?

మాది ధర్మవరం. మా నాయన షావుకారు దగ్గర కూలికి మగ్గం నేస్తాడు. ఇప్పుడాయన నేస్తున్న చీర అంచులోని తీగ, లేపాక్షి లతామండపంలో ఒక స్తంభం మీద ఉన్నదే. అంగట్లో దాన్ని లేపాక్షి అంచు అనే అమ్ముతారు. గుడి కట్టించిన విరూపణ్ణ కథ మా దగ్గర చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆ తీగ చెక్కిందెవరో, దాన్ని గ్రాఫ్ కాగితం మీదికి దించిందెవరో అడిగితే చెప్పేవాళ్లు లేరు. పైగా మొన్న ఒకాయన, ఈ పూలతీగలన్నీ తెల్లోళ్లు నేర్పినవే అన్నాడు. చాలా బాధేసింది. నిజమేనా?

కర్నూలు మాస్టారు:
లెక్క కుదరదమ్మా. లేపాక్షి గుడి అచ్యుత దేవరాయల కాలంది, 1530ల నాటిది. ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600లో. ఈసారి వెళ్తే పైకప్పు చిత్రాల్లో మనుషులు కట్టుకున్న బట్టలు కూడా చూడు. ఎన్ని రకాల డిజైన్లో!

తెల్లవాళ్ల జోక్యం అద్దకం బట్టల్లో ఉంది. ఎర్ర నేల, అంటే పూల వెనకుండే రంగు, కొనేవాళ్లందరికీ నచ్చడం లేదు, తెల్ల నేల మీద రంగు పూలూ కొమ్మలూ వేయించండని 1643లో కంపెనీ పెద్దలు లండన్ నుంచి ఇక్కడి తమవాళ్లకు రాశారు. అలా వేయించిన పూలు అక్కడ ఎంత అమ్ముడుపోయాయంటే, వాళ్ల నేతగాళ్ల మగ్గాలు ఆగిపోయాయి. 1719లో లండన్ వీధుల్లో అద్దకం బట్ట కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి ఆ బట్టలు చింపేశారు. 1721లో చట్టమే వచ్చింది, అలాంటి బట్ట కట్టుకోవడమే నేరమని. ఫ్రాన్స్‌లో అయితే 1686 నుంచే నిషేధం. బట్టలు చింపించుకున్న ఆ ఆడవాళ్లను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. చింపినవాళ్లూ పూట గడవని నేతగాళ్లే, మీ నాయనలాంటివాళ్లే.

ప్రొద్దుటూరు నుంచి:
మాస్టారూ, ఆ పూలకు నీలం కావాలి కదా. మా కడప జిల్లా ఒకప్పుడు నీలిమందుకు పేరుమోసింది. కోసిన ఆకును తొట్లలో నానబెట్టి, ఆ నీళ్లను గంటల తరబడి చిలికేవాళ్లు కూలీలు. 1897లో జర్మనీవాళ్లు ఫ్యాక్టరీ నీలిని అమ్మకానికి పెట్టారు, ఆ తర్వాత ఇక్కడి సేద్యం దెబ్బతింది. డిజైన్ల చరిత్ర చెప్పేటప్పుడు ఆ కూలీలనూ కలపాలి.

అట్టల పని:
చెల్లీ, నేను ధర్మవరంలోనే జకార్డ్ అట్టలు కొడతాను, అంటే గ్రాఫ్‌లోని డిజైన్‌ను మగ్గం మీద తెప్పించే చిల్లుల అట్టలు. గ్రాఫ్ గీసినందుకు ఒక్కసారే డబ్బులిస్తారు. అదే అంచు తర్వాత ఎన్ని మగ్గాలెక్కినా మాకు పైసా రాదు, పేరూ రాదు. అందుకే నేను కొట్టిన ప్రతి సెట్‌లో మొదటి అట్ట మీద నా పేరు, తేదీ రాస్తున్నాను. మీ నాయన మగ్గం మీది అట్టలు ఒకసారి తిప్పి చూడు. పేరు లేకపోతే అంచు ఫోటో, స్తంభం ఫోటో రెండూ ఇక్కడ పెట్టు. మా గురువుగారి పాత గ్రాఫులు నా దగ్గరున్నాయి, పోల్చి చెప్తా.