మాల్టా చూడడానికి బస్సూ ఫెర్రీ చాలునా, కారు తప్పదా?

డబ్లిన్ బాటసారి:
సభ్యులందరికీ నమస్కారం. మే నెలలో అమ్మానాన్నలను తీసుకుని మాల్టా వెళ్ళాలని అనుకుంటున్నాము. ఐర్లండులో లాగే అక్కడా ఎడమవైపే నడపాలి కాబట్టి మరో ఆలోచన లేకుండా కారు అద్దెకు తీసుకోమని ఇక్కడి మిత్రులు చెబుతున్నారు. దీవులన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లకు మించని దేశంలో బస్సులూ ఫెర్రీలూ సరిపోవా అన్నది నా సందేహం. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. అనుభవమున్నవారు చెప్పగలరు.

స్లీమా నివాసి:
కారు వద్దనే నా గట్టి అభిప్రాయం. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 5 లక్షల 19 వేల పైచిలుకు కాగా, రిజిస్టరైన వాహనాలు ఇప్పటికే 4 లక్షలు దాటాయి. స్లీమాలో సాయంత్రం పూట కారు నిలపడానికి చోటు దొరకడం గగనం. ఇమ్దీనా కోటలోకి బయటివారి కార్లను రానివ్వరు, రాజధాని వల్లెట్టాను ఎలాగూ నడిచే చూడాలి. అలాంటప్పుడు అద్దె చెల్లించి తెచ్చిన కారు రోజులో సగం సేపు గోడ పక్కన ఊరికే పడి ఉంటుంది.

బస్సు మార్గాలలో చాలా భాగం వల్లెట్టా నగర ద్వారం వెలుపల, ట్రైటన్ ఫౌంటెన్ చుట్టూ ఉన్న బస్టాండు నుంచే బయలుదేరతాయి. టికెట్టు చలికాలంలో 2 యూరోలు, వేసవిలో రెండున్నర. ఒకసారి కొంటే 2 గంటల వరకు బస్సులు మారవచ్చు.

ఇక అసలు సుఖం ఫెర్రీలలో ఉంది. స్లీమా నుంచి వల్లెట్టాకు బస్సు సముద్రపు పాయ చుట్టూ తిరిగి వెళ్ళాలి, ఫెర్రీ అయితే పది నిమిషాలలోపే అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. కాకపోతే అది దింపే చోటు నుంచి నగరంలోకి ఎక్కుడు నిటారుగా ఉంటుంది కనుక మీ నాన్నగారికి ఆ దారి నేను చెప్పను. వల్లెట్టాకు ఆవలి వైపున, మూడు నగరాలని పిలిచే బిర్గు, సెంగ్లేయా, బోర్మ్లాల దిక్కు నుంచి వచ్చే ఫెర్రీ దిగితే, 2012లో తెరిచిన 58 మీటర్ల బరాక్కా లిఫ్టు కొద్ది అడుగుల దూరంలోనే ఉంటుంది. అది ఒక్క మెట్టు ఎక్కే పని లేకుండా ఎగువ బరాక్కా తోటలోకి చేరుస్తుంది. అందుకే బస ఆ మూడు నగరాలలో చూసుకోండి.

మోస్తా మిత్రుడు:
స్లీమా నివాసి గారు చెప్పినది రేవుకు దగ్గరగా ఉండేవారికి వర్తిస్తుంది. మధ్య ఊళ్ళలో ఉంటూ రోజూ బస్సులోనే పనికి వెళ్ళే మాబోటివాళ్ళు చూసే మాల్టా వేరు. సొంత పేరుతో బస్సు కార్డు ఉన్న స్థానికులకు 2022 అక్టోబరు నుంచి ప్రయాణం ఉచితమైంది. ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, కానీ ఛార్జీ తీసివేసినంత మాత్రాన బస్సులో సీట్లు పెరగవు. తెలంగాణలో 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు రద్దీ గురించి జరిగిన చర్చే ఇక్కడా జరుగుతోంది.

వేసవిలో ఉదయం ఎనిమిది గంటలకు స్టాపులో నిలబడి చేయి చాపితే, నిండిన బస్సు వేగమైనా తగ్గించకుండా ముందుకు వెళ్ళిపోతుంది, ఆ వెనక వచ్చేదీ నిండుగానే వస్తుంది. కొన్ని స్టాపులలో ఒక స్తంభం తప్ప నీడ ఉండదు. ఆదివారం మార్సాష్లోక్ చేపల సంతకు వెళ్ళే 81, 85 నంబరు బస్సుల రద్దీ సంగతి సరేసరి. వయసు మళ్ళినవారిని అలా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. డింగ్లి కొండ అంచులు, హజార్ ఇమ్ శిలాలయాలు చూడాలంటే కారే మేలు.

గోజో అభిమాని:
ఇద్దరూ పెద్ద దీవి గురించే వాదిస్తున్నారు. నా దృష్టిలో కారు ప్రశ్న తేలవలసింది పక్కనున్న రెండో దీవి గోజోలో. చిర్కెవ్వా రేవు నుంచి గోజోలోని ఇమ్జార్ రేవుకు పెద్ద ఫెర్రీ దాదాపు 25 నిమిషాలలో, రాత్రింబవళ్ళు నడుస్తుంది. వెళ్ళేటప్పుడు టికెట్టు అడగరు. తిరిగి వచ్చేటప్పుడు ఇమ్జార్‌లో మాత్రమే, కాలినడకన వచ్చినవారి దగ్గర 4.65 యూరోలు తీసుకుంటారు. కష్టమంతా చిర్కెవ్వా చేరడంలోనే ఉంది, ఎందుకంటే వల్లెట్టా నుంచి 41, 42 నంబరు బస్సులకు గంటకు పైనే పడుతుంది. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి: ఇమ్జార్ పేరుతోనే పెద్ద దీవిలో ఒక పల్లెటూరు ఉంది, బస్సు బోర్డు మీద ఆ పేరు చూసి గోజో రేవుకనుకుని ఎక్కేయకండి.

గోజోలో బస్సులన్నీ విక్టోరియా పట్టణం నుంచే తిరుగుతాయి, చాలా మార్గాలలో గంటకొకటి. ఒకటి తప్పిపోతే పూటలో సగం పోతుంది. అందువల్ల పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే పద్ధతి మానుకుని అక్కడ రెండు రాత్రులు ఉండండి, షారాలోని జ్గంటియా ఆలయాలకూ ద్వేయ్రా తీరానికీ ఒక్క రోజు మాత్రం టాక్సీ మాట్లాడుకోండి.

మోస్తా మిత్రుడు:
రెండు రాత్రుల సలహా బాగుంది, ఒప్పుకుంటాను. అయినా సామాన్లతో, పెద్దవాళ్ళతో చిర్కెవ్వా దాకా గంటకు పైగా బస్సులో కూర్చోబెట్టడం దేనికి?

స్లీమా నివాసి:
ఆ బస్సు అవసరమే లేదండీ. 2021 నుంచి వల్లెట్టాకూ ఇమ్జార్‌కూ మధ్య వేగంగా వెళ్ళే ఫెర్రీ నేరుగా నడుస్తోంది, ముప్పావు గంట ప్రయాణం. అది ఆగేది బరాక్కా లిఫ్టుకు దగ్గరలోనే, మూడు నగరాల ఫెర్రీ ఆగే ఒడ్డునే. అంటే బిర్గులో బస చేసినవారు ఎక్కుళ్ళ జోలికి పోకుండా గోజో చేరవచ్చు. గాలి ఎక్కువగా ఉన్న రోజున ఆ ఫెర్రీని ఆపివేస్తారు కాబట్టి, విమానం ఎక్కవలసిన రోజున మాత్రం దాన్ని నమ్ముకోకుండా ముందు రోజే వల్లెట్టా వైపు వచ్చేయండి.

డబ్లిన్ బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. బిర్గులో గదులు చూస్తున్నాను. వల్లెట్టాలో రాత్రి భోజనం చేసి వచ్చేటప్పుడు కూడా లిఫ్టు ఉంటుందా?

స్లీమా నివాసి:
లిఫ్టు గానీ, రేవు ఫెర్రీలు గానీ రాత్రంతా నడవవు, వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి. ఆఖరి ఫెర్రీ ఎప్పుడో పగలే రేవులో చూసి పెట్టుకోండి, అది దాటిపోతే నగర ద్వారం దగ్గర టాక్సీ ఎక్కండి.