నాలుగేళ్ల పిల్లకు ముద్దలు కలిపి పెట్టాలా, కంచం తన ముందే పెట్టాలా?

మియాపూర్ అమ్మ:
మా పాపకు నాలుగేళ్లు నిండాయి. ఉదయం ఏడున్నరకల్లా స్కూల్ వ్యాన్ గేటు ముందుకు వస్తుంది. అందుకని మా అత్తగారు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేతికి ఫోనిచ్చి ఇడ్లీ పెట్టేస్తారు. అదే సమయంలో నేను బూట్లు తొడుగుతాను. పది నిమిషాల్లో అయిపోతుంది. మొన్న టీచర్ ఒక మాట చెప్పారు. మధ్యాహ్నం పాప డబ్బా మూత కూడా తీయదట, ఎవరో వచ్చి పెడతారని చూస్తూ కూర్చుంటుందట. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇంట్లో ఈ సంగతి ఎత్తితే అత్తగారు నొచ్చుకున్నారు. "నా చేతి ముద్ద తింటే తప్పేమిటమ్మా?" అన్నారు. మీరేమంటారు?

మలక్‌పేట అమ్మమ్మ:
మీ అత్తగారి మాటే నా మాట. నా మనవడికి ఆరేళ్లు, రాత్రి అన్నం ఇప్పటికీ నేనే కలిపి పెడతాను. వేళ్ల సందుల్లో సగం, నేల మీద సగం పోతే కడుపులో పడేదెంత? పైగా వేసవిలో నీళ్ల ట్యాంకరు కొనుక్కునే ఇళ్లు మనవి. పసివాడి చేతికి చెంబు ఇచ్చి ఒలకబోసుకోమంటే ఎలా? వయసు వస్తే అన్నీ వాళ్లే నేర్చుకుంటారు.

అల్వాల్ నాన్న:
పెద్దమ్మగారూ, మా బాబుకు నాలుగున్నరేళ్లు. చొక్కా గుండీలు తానే పెట్టుకుంటానని పట్టు. ఒక ఆదివారం గడియారం చూడకుండా వాడికి ఎదురుగా కూర్చున్నాను. బొటనవేలితో గుండీని కాజాలోకి తోస్తాడు. అవతలి వేళ్లతో అందుకునేలోపు అది జారి వెనక్కి పోతుంది. పెదవి బిగించి మళ్లీ తోస్తాడు. మూడో గుండీ పడేసరికి ముఖమంతా చెమట. నేను లేచి చూసుకుంటే పావుగంట గడిచింది. రోజూ ఉదయం ఆ పావుగంటను వాడి దగ్గర నుంచి లాగేసుకుంటున్నది నేనే! వాడికి చేతనవును, నాకే ఆగే తీరిక లేదు.

మన ఇళ్లలో వస్తువులన్నీ పెద్దల ఎత్తుకే అమర్చి ఉంటాయి. మేము తువ్వాలు కొక్కేన్ని వాడి భుజం ఎత్తుకు దించాం. వాష్‌బేసిన్ ముందు పీట వేశాం. తాగడానికి చిన్న చెంబు, అందులో సగమే నీళ్లు, పక్కన తుడవడానికి పాతగుడ్డ. ట్యాంకరు బాధ మాకూ ఉంది, కానీ సగం చెంబు ఒలికితే పోయేది ఎంతని? గ్యాస్ పొయ్యి, గీజరు, బాల్కనీ దగ్గర మాత్రం ఇప్పటికీ మా మాటే చెల్లుతుంది.

ముద్ద పెట్టడం తప్పని నేను అనను. మీరు రాత్రి కబుర్లు చెబుతూ పెట్టే ముద్దకు పిల్లవాడు తానే నోరు తెరుస్తాడు. ఫోను చూస్తుండగా కుక్కే ఇడ్లీ ఎంత తిన్నాడో, ఆకలి తీరిందో లేదో వాడికే తెలియదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

కొండాపూర్ వాసి:
ఇదంతా ఖరీదైన స్కూళ్లు తెచ్చిపెట్టిన విదేశీ మోజు.

తార్నాక నర్సరీ టీచర్:
అలా కొట్టిపారేయకండి. మాంటిస్సోరి పద్ధతికి ఆద్యురాలైన ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచింది కూలీల పిల్లల కోసం. మన దేశంలో గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లోనే భావ్‌నగర్‌లో బాలమందిరం అనే పసిపిల్లల బడి పెట్టారు. మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చింది ఆ తర్వాత, 1939లో. పిల్లల చేతికి పని ఇవ్వడానికి ఫీజుతో పనిలేదు.

ఒక్క జాగ్రత్త. సొంతంగా తినడమంటే ఒంటరిగా తినడం కాదు. ఈ వయసులో పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. గొంతుకు అడ్డం పడకుండా ద్రాక్షపళ్లు నిలువుగా కోసి ఇవ్వండి, వేరుశనగ గింజలు గుండుగా ఇవ్వకండి.

మలక్‌పేట అమ్మమ్మ:
ఫోను విషయంలో అల్వాల్ బాబు చెప్పింది ఒప్పుకుంటాను. రాత్రి ముద్ద మాత్రం మాననయ్యా.

మియాపూర్ అమ్మ:
ఆదివారం ప్రయత్నించాం. అత్తగారే పప్పన్నం కలిపి, ముద్దలు చేసి కంచంలో పేర్చారు. పాప ఒక్కొక్కటే తీసుకుని తింది. మోచేతి దాకా నెయ్యి కారింది. అత్తగారి చెయ్యి రెండుసార్లు ముందుకు వచ్చి ఆగింది. ఆ ఆగడం ఆవిడకు ఎంత కష్టమో కళ్లారా చూశాను. సోమవారం నుంచి పాపను ఇరవై నిమిషాలు ముందుగా లేపుతున్నాం, ఫోను బీరువాలో పెట్టేశాం. ఇడ్లీ ఒకటిన్నర దగ్గరే ఆగుతోంది. బూట్లు ఇంకా నేనే తొడుగుతున్నాను.