మంగళూరు ప్రమాదం: తప్పు కెప్టెన్ ఒక్కరిదేనా?

ప్రశ్న:
2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. అందులో ఉన్న 166 మందిలో 158 మంది మరణించారు. ఆ ప్రస్తావన ఎప్పుడు వచ్చినా ‘పైలట్ నిద్రపోయాడట’ అన్న ఒక్క ముక్కతో చర్చ ముగిసిపోతోంది. విచారణ నివేదిక చెప్పింది కూడా అంతేనా? పక్కనే ఉన్న కో-పైలట్ ఎందుకు ఆపలేకపోయారు? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
నిద్ర మాట నిజమే. కాక్‌పిట్ రికార్డరులో మిగిలిన రెండు గంటల పైచిలుకు ధ్వనిలో మొదటి గంటా నలభై నిమిషాల పాటు కెప్టెన్ మాట లేదు, గురక వినిపించింది. అయితే దిగే వేళకు ఆయన మేలుకొనే ఉన్నారు. గాఢనిద్ర నుంచి లేచిన మనిషికి కొంతసేపు ఆలోచన మందగిస్తుందనీ, తెల్లవారుజాము కావడంతో ఆ మత్తు మరింత పెరిగి ఉండవచ్చనీ నివేదిక అభిప్రాయపడింది. దానికి తోడు మంగళూరు రాడార్ పనిచేయకపోవడంతో కిందికి దిగే అనుమతి మామూలు కంటే ఆలస్యంగా దొరికింది. దానికి తగ్గట్టు దిగే క్రమాన్ని సిబ్బంది సరిచూసుకోలేదు. విమానం ఉండవలసిన దానికన్నా ఎత్తులో ఉండిపోయి, 8,000 అడుగుల రన్‌వే మీద సుమారు 5,200 అడుగుల దగ్గర నేలను తాకింది. అప్పటికీ వెంటనే గట్టిగా బ్రేకులు వేసి ఉంటే ఆగేదని నివేదిక అంటోంది. కెప్టెన్ మాత్రం తిరిగి పైకి లేవడానికి ప్రయత్నించారు; మిగిలిన రన్‌వే అందుకు చాలలేదు.

జవాబు 2:
కో-పైలట్ మౌనంగా ఏమీ లేరు. ‘గో అరౌండ్’ అని, అంటే దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవమని, మూడుసార్లు చెప్పారు. నియంత్రణను మాత్రం తన చేతుల్లోకి తీసుకోలేదు. ఆ అధికారం కో-పైలట్‌కు ఎప్పుడు ఉంటుందన్న విషయంలో నిబంధనలే అస్పష్టంగా ఉండటం బహుశా అందుకు కారణమని నివేదిక రాసింది. ‘లాక్కోవలసింది’ అని మనం కుర్చీలో కూర్చుని తేలిగ్గా అనేస్తాం కానీ, నేలకు అంత దగ్గరలో, పై అధికారి చేతిలోని నియంత్రణను లాక్కోవడం మాటలు కాదు. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలోని విమానాశ్రయంలోనూ రన్‌వే ఖాళీ అయిందా అని ఫ్లైట్ ఇంజినీరు సందేహం వెలిబుచ్చారు, కెప్టెన్ కొట్టిపారేశారు. రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది పోయారు.

ప్రశ్న అడిగినవారు:
అయితే కెప్టెన్ తప్పేమీ లేదనా మీ అభిప్రాయం?

జవాబు 3:
ప్రత్యక్ష కారణం దిగడం మానుకోకుండా కొనసాగించిన కెప్టెన్ నిర్ణయమేనని నివేదిక స్పష్టంగా తేల్చింది; అందులో వాదన లేదు. నేను విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా హ్యాంగరులో పనిముట్ల బోర్డు మీద ఒక్కొక్క స్పానర్ ఆకారాన్నీ రంగుతో గీసి ఉంచేవారు. షిఫ్టు ముగిసే వేళకు ఒక్క ఆకారం ఖాళీగా కనబడినా, ఆ వస్తువు దొరికేదాకా విమానం కదిలేది కాదు. ఒక రాత్రి నా టార్చి కోసం నలుగురం రెండు గంటలు వెతికాం. చివరికది నా జేబులోనే ఉంది! మెకానిక్ మరిచిపోతాడని ముందే ఒప్పుకున్నారు కనుకనే ఆ బోర్డు పుట్టింది. కెప్టెన్ కూడా పొరబడతారని అంత నిక్కచ్చిగా ఒప్పుకుంటే, కో-పైలట్ ఎన్నోసారి చెప్పాక చేయి వేయాలో కూడా అలాగే గీసి ఉంచవలసింది. పదేళ్ళ తర్వాత, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో 21 మంది మరణించిన ప్రమాదంలో సైతం రెండో పైలట్ ‘గో అరౌండ్’ అన్నారు, నియంత్రణ తీసుకోలేదు.